డూన్ పిస్తోలు, బుట్టపిడి కత్తి: వేలంలో పాడేముందు ఏమేం చూడాలి?

గ్లాస్గో_చందు
అందరికీ నమస్కారం. ఇక్కడ వచ్చే వారం పాత ఆయుధాల వేలం ఉంది. కేటలాగులో రెండు లాట్ల మీద నా చూపు ఆగింది.

మొదటిది: "పూర్తి ఉక్కు స్కాటిష్ బెల్ట్ పిస్టల్, డూన్, సుమారు 1760, జాన్ మర్డాక్ సంతకం, పొట్టేలు కొమ్ముల దస్తా (పిడి)."
రెండోది: "హైలాండ్ బాస్కెట్ హిల్ట్ బ్రాడ్‌సోర్డ్, బ్లేడు మీద ఆండ్రియా ఫెరారా, 16వ శతాబ్దం."

ఫొటోలు చిన్నవి, వివరం రెండు లైన్లే. శనివారం సరుకు చేతిలోకి తీసుకుని చూడనిస్తారు. ఒక్కోదానికి పావుగంట దొరుకుతుంది. ఆ పావుగంటలో ఏం చూడాలి, ఏం కొలవాలి, ఏం అడగాలి? తర్వాత ఎప్పుడైనా విజయవాడ తీసుకెళ్లాలంటే చట్టం ఏమంటుందో కూడా చెప్పండి.

రంజకం
చందు గారూ, సంతకాన్ని చివరికి వదిలేయండి. పేరు ఎవరైనా చెక్కుతారు. ముందు పిస్తోలు కట్టు చూడండి.

డూన్ అనేది స్టిర్లింగ్ పక్కన చిన్న ఊరు. 1646లో థామస్ క్యాడెల్ అక్కడ కొలిమి పెట్టాడు. తర్వాత వందేళ్లకు పైగా క్యాడెల్, క్రిస్టీ, క్యాంప్‌బెల్, మర్డాక్ కుటుంబాలు ఈ పనిని నిలబెట్టాయి. వాళ్ల పిస్తోలులో చెక్క ఉండదు, దస్తాతో సహా అంతా ఉక్కే. ట్రిగ్గర్ చుట్టూ రక్షణ కమ్మీ ఉండదు. ట్రిగ్గర్ చిన్న గుండీలా గుండ్రంగా ఉంటుంది. ఎడమ పక్కన నడుం పట్టీకి తగిలించే పొడవాటి కొక్కెం ఉంటుంది. దస్తా చివర రెండు కొమ్ములు లోపలికి చుట్టుకుంటాయి, వాటి నడుమ ఇంకో చిన్న గుండీ కనిపిస్తుంది. అది అలంకారం కాదు. మర తిప్పితే సన్నటి సూదితో సహా బయటికి వస్తుంది, రంజకపు బెజ్జం, అంటే మంట గొట్టంలోకి పోయే రంధ్రం, పూడిపోతే పొడిచి తెరవడానికి. చాలా పిస్తోళ్లలో మొదట పోయేది ఈ సూదే. ఆ తర్వాత గజం, అంటే మందు కూరే కడ్డీ. ఆ తర్వాత బెల్టు కొక్కెం.

శనివారం ఆ గుండీని తిప్పి చూడనిస్తారా అని అడగండి. తిరగకపోతే తుప్పు పట్టి బిగిసిందా, లేక దస్తాతో కలిపి ఒకే పోతలో పోశారా అన్నది చూడాలి. గుండీకీ దస్తాకీ మధ్య వెంట్రుకంత సందు ఉంటే అది విడి భాగం. సందే లేకపోతే పోత. మర తిప్పగానే సులువుగా వచ్చేసి, మర పళ్లు కొత్త ఉక్కులా మెరిస్తే సూది తర్వాత చేయించింది.

పాతఇనుము
దస్తా గురించి ఒక ముక్క కలుపుతాను. అసలు దస్తాని ఇనుము సాగగొట్టి, మలిచి, భాగాలను ఇత్తడితో అతికారు. అందుకే అడుగున, కొమ్ముల లోపలి వంపులో పసుపు గీత సన్నగా కనిపిస్తుంది. భూతద్దం పదింతలది పట్టుకెళ్లండి. ఆ గీత కనిపిస్తే మంచి సూచన. దాని బదులు సూది మొనంత గుంటలు గుంపుగా కనిపిస్తే అది పోత ఇనుము. తుప్పు గుంటకీ పోత గుంటకీ తేడా ఉంది. తుప్పు గుంట అంచు ఎగుడుదిగుడుగా, అడుగున నల్లగా ఉంటుంది. పోత గుంట గుండ్రంగా, అంచు నున్నగా, బుడగ పగిలినట్టు ఉంటుంది.

చెక్కడం కూడా అదే అద్దంతో చూడండి. ఉలితో చెక్కిన గీతకి మొదలు సన్నం, నడుమ లోతు, చివర ఎగిరిన మొన ఉంటాయి. పోతలో వచ్చిన గీతకి అడుగు గుండ్రంగా ఉండి రెండు అంచులూ మెత్తబడి ఉంటాయి. వెండి పొదిగిన చోట గోటితో మెల్లగా తడమండి. అంచు తగలాలి. పైన వెండి పూత పూస్తే ఏమీ తగలదు.

గోదారి_గట్టు
లాక్, అంటే నిప్పు రాల్చి పేల్చే యంత్రం గురించి ఎవరూ చెప్పలేదేం? స్కాటిష్ పిస్తోలుకి ప్రాణం అక్కడే ఉంది.

17వ శతాబ్దంలో వీటికి ఉన్నది స్నాప్‌హాన్స్ లాక్. అందులో నిప్పు రాల్చే ఉక్కు పలకా, రంజకపు గిన్నె మూతా వేర్వేరు. ఆ శతాబ్దం ముగిసే నాటికి రెండూ కలిసిన ఫ్లింట్‌లాక్ వచ్చింది. అయినా స్కాట్లాండ్ పనివాళ్లు తమ పాత పద్ధతి ఒకటి వదల్లేదు. సియర్, అంటే కాక్‌ని (చెకుముకి రాయిని పట్టుకుని దెబ్బ కొట్టే భాగాన్ని) ఎక్కుపెట్టి ఆపే మీట, ఇంగ్లీషు లాక్‌లో పైకీ కిందికీ ఆడుతుంది. స్కాటిష్ లాక్‌లో పక్కకి ఆడుతుంది. దాని ముక్కు లాక్ పలకలోని బెజ్జం గుండా బయటికి పొడుచుకొచ్చి కాక్ అడుగు భాగాన్ని పట్టి ఆపుతుంది. కాక్ వెనక్కి లాగినప్పుడు పలక మీద చిన్న ఉక్కు ముక్కు బయటికి రావడం కంటికి కనిపిస్తుంది.

కాబట్టి లాట్ ఫొటోలో కాక్ దగ్గర లాక్ పలకని పెద్దది చేసి చూడండి. బెజ్జం ఉందా? ఉంటే ముక్కు అరిగి గుండ్రబడిందా? ఇక్కడ అరుగుదల ఉన్న పిస్తోలులో కాక్ ఎక్కుపెట్టినా తనంతట తానే జారుతుంది. అందుకే వేలం హాల్లో కాక్ లాగి వదలకండి. చెకుముకి రాయి లేకుండా వదిలితే దెబ్బంతా కాక్ మెడ మీదా లోపలి స్ప్రింగు మీదా పడుతుంది. రెండు వందల ఏళ్ల స్ప్రింగు ఒక్కసారి విరిగితే మళ్లీ అలాంటిది దొరకదు, కొత్తది చేయించాలి. బొటనవేలు కాక్ మీద ఉంచి, సగం వరకే లాగి, అలాగే పట్టుకుని మెల్లగా దించండి. అదీ సిబ్బంది అనుమతితోనే.

రంజకం
గోదారి గారు చెప్పింది నిజం. దానికి ముందు ఇంకో జాగ్రత్త ఉంది: లోపల మందు ఉందేమో చూడకుండా కాక్ ముట్టుకోవద్దు. ఎప్పుడో కూరిన మందు, గుండు అలాగే ఉండిపోయిన పాత పిస్తోళ్లు ఇప్పటికీ బయటపడుతున్నాయి. తుపాకి మందు పొడిగా ఉంటే ఎన్నేళ్లయినా అంటుకుంటుంది.

సన్నటి చెక్క పుల్ల ఒకటి తీసుకోండి. లోహపు కడ్డీ వద్దు. గొట్టం మూతి నుంచి లోపలికి తగిలేదాకా పంపి, మూతి దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టండి. పుల్ల బయటికి తీసి గొట్టం పక్కన, ఆ గీత మూతికి సరిగ్గా వచ్చేలా ఆనించండి. పుల్ల చివర రంజకపు బెజ్జం దాకా వస్తే లోపల ఖాళీ. అంగుళం, అంగుళంన్నర ముందే ఆగిపోతే ఏదో ఉంది. తుప్పు ముద్ద కావచ్చు, గుండు కావచ్చు. తేలేదాకా గుండే అనుకుని మూతి ఎవరివైపూ తిప్పకుండా కింద పెట్టేయాలి.

డల్లాస్_బాబు
కేటలాగులో "సుమారు 1760, డూన్" అని ఉన్నవాటిలో పొరపాటు ఎక్కువగా రెండు వైపుల నుంచి వస్తుంది.

ఒకటి, రెజిమెంటు పిస్తోళ్లు. హైలాండ్, అంటే స్కాట్లాండ్ కొండ ప్రాంతపు, రెజిమెంట్ల మామూలు సైనికులకు కూడా 18వ శతాబ్దంలో పిస్తోలు ఇచ్చేవారు. అవి డూన్‌వి కావు. బర్మింగ్‌హామ్‌లో ఐజాక్ బిస్సెల్ లాంటి వాళ్లు గంపగుత్తగా చేసినవి. గొట్టం మీద ఆర్‌హెచ్‌ఆర్ అని, అంటే రాయల్ హైలాండ్ రెజిమెంట్ అని ఉంటుంది. చెక్కడం దాదాపు ఉండదు, వెండి ఉండదు. ఇవి నకిలీలు కావు, వీటి కోసమే వెతికే సేకర్తలు ఉన్నారు. డూన్ ధర పెట్టి కొనొద్దు, అంతే.

రెండు, వేషధారణ పిస్తోళ్లు. 1746 కల్లోడెన్ యుద్ధంలో హైలాండ్ తిరుగుబాటుదారులు ఓడిపోయాక హైలాండ్ దుస్తులనీ ఆయుధాలనీ చట్టం అణిచేసింది. దుస్తుల మీద నిషేధం 1782లో తీశారు. 1822 ఆగస్టులో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరోకి వచ్చినప్పుడు వాల్టర్ స్కాట్ ఆ ఉత్సవమంతా టార్టాన్‌తో, అంటే హైలాండ్ గళ్ల గుడ్డతో నింపాడు. అక్కడి నుంచి హైలాండ్ వేషం ఫ్యాషన్ అయింది. నడుముకి పిస్తోలు జత కావాలి, కాల్చే పని లేదు. అలా విక్టోరియా రాణి కాలమంతా డూన్ ఆకారాన్ని అనుకరించి వేలల్లో చేశారు. వాటి గొట్టం గోడ పలచగా ఉంటుంది, లోపలి రంధ్రం చిన్నది, రంజకపు బెజ్జం కొన్నిట్లో లోపలిదాకా తొలిచి ఉండదు. మెరుపు ఎక్కువ, అరుగుదల తక్కువ. కొన్నిట్లో చెకుముకి బదులు పెర్కషన్ టోపీ (దెబ్బ పడగానే పేలే చిన్న లోహపు మూత) ఉంటుంది.

చందు గారూ, మీరు కొలవాల్సినవి: మొత్తం పొడవు, గొట్టం పొడవు, మూతి దగ్గర లోపలి వ్యాసం, మూతి దగ్గర గోడ మందం. 18వ శతాబ్దపు డూన్ పిస్తోలు మొత్తం అడుగుకి అటూ ఇటూ ఉంటుంది. లోపలి వ్యాసం అర అంగుళం దాటుతుంది. గొట్టం మొదట్లో నిలువు గాళ్లు, నడుమ ఒక పట్టీ, మూతి దగ్గర విచ్చుకున్న ఎనిమిది పలకల ఆకారం. ఆ ఎనిమిది పలకలూ అచ్చు గుద్దినట్టు సమానంగా ఉంటే అనుమానించండి. ఆకురాయితో చేత్తో చేసిన పలకల్లో అర మిల్లీమీటరు తేడా వస్తుంది.

గ్లాస్గో_చందు
రాసుకుంటున్నాను అండీ. మరి ప్రూఫ్ ముద్రలు, అంటే గొట్టాన్ని పేల్చి పరీక్షించాక కొట్టే గుర్తులు? గొట్టం మీద ముద్ర ఉంటే నిజమైనదని అనుకోవచ్చా?

డల్లాస్_బాబు
దీని విషయంలో తిరగేసి ఆలోచించాలి. డూన్ గొట్టం మీద ప్రూఫ్ హౌస్ ముద్ర ఉండాలని ఆశించకూడదు. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ పుట్టిందే 1813లో. కిరీటం కింద అడ్డంగా పెట్టిన రెండు రాజదండాలు, వాటి మధ్య బి, పి, సి అక్షరాలు ఉన్న ముద్ర ఉంటే ఆ గొట్టాన్ని 1813 తర్వాతే పరీక్షించారు. పాత గొట్టాన్ని తర్వాత పరీక్షించి ఉండొచ్చు కదా అని అమ్మేవాళ్లు అంటారు. అనొచ్చు. కానీ అప్పుడు మిగతా లక్షణాలన్నీ 1760 వైపు నిలబడాలి.

పాతఇనుము
పేర్ల మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. అమెరికాలో లెక్సింగ్‌టన్‌లో జాన్ మర్డాక్ చేసిన పిస్తోలు జత ఉంది. 1775 ఏప్రిల్‌లో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలైన రోజున బ్రిటిష్ మేజర్ పిట్‌కెయిర్న్ గుర్రం మీద దొరికాయని తరతరాలుగా చెప్పుకున్నారు. వాటి మీద చెక్కిన వంశచిహ్నం పిట్‌కెయిర్న్ కుటుంబానిది కాదని తర్వాత పరిశోధకులు చూపించారు. పిస్తోళ్లు అసలైనవే, వాటికి అంటిన కథ కదిలిపోయింది. మ్యూజియంలో ఉన్నదాని గతే అది. వేలంలో "కల్లోడెన్‌లో వాడినది" అంటే కాగితం చూపించమనండి. కాగితం లేకపోతే ఆ మాటకి ఒక్క పౌండు కూడా ఎక్కువ పెట్టొద్దు.

అన్నట్టు, కల్లోడెన్ తర్వాత ప్రభుత్వ సైన్యం పోగేసిన ఆయుధాల లెక్కలో తుపాకులు 2,320, బ్రాడ్‌సోర్డులు 190. "కల్లోడెన్ కత్తి" అని అమ్ముడుపోయేవన్నీ ఆ కొన్నిట్లోంచే రావాలంటే ఎలా నమ్ముతాం?

కత్తిసాన
ఇక కత్తికి వద్దాం. కేటలాగులో "ఆండ్రియా ఫెరారా, 16వ శతాబ్దం" అన్నది చూడగానే చెప్పొచ్చు, రాసినవారు పేరు చూసి కాలం వేశారు. ఆండ్రియా ఫెరారా ఇటలీలోని బెల్లూనోలో 16వ శతాబ్దపు కమ్మరి, ఆ మాట నిజం. అయితే ఆయన పేరు తర్వాత నాణ్యతకి గుర్తుగా మారిపోయింది. జర్మనీలోని జోలింగెన్ కొలిములు వందేళ్లకు పైగా ఆ పేరు కొట్టి స్కాట్లాండ్‌కి బ్లేడులు పంపాయి. స్పెల్లింగు కూడా నిలకడగా ఉండదు: ఆండ్రియా, ఆండ్రీయా, ఫెరారా, ఫరారా. పరుగెత్తే తోడేలు బొమ్మా అంతే. మొదట పసావ్ ఊరిది, తర్వాత జోలింగెన్ కూడా వాడుకుంది. ఈ పేరుతో 17, 18 శతాబ్దాల బ్లేడే ఎక్కువగా దొరుకుతుంది. అదేం తక్కువ కాదు, నిఖార్సైన హైలాండ్ కత్తికి అదే మామూలు బ్లేడు. బ్లేడు జర్మనీది, బుట్ట స్కాట్లాండ్‌ది.

అక్షరాలు ఎలా పడ్డాయో చూడండి. పాతవాటిలో గాడిలో ఒక్కో అక్షరాన్నీ విడిగా పోగరతో కొట్టారు. వరస కాస్త వంకరగా, ఒక అక్షరం లోతుగా ఒకటి పైపైన ఉంటుంది. గాడి అంచుల్లో లోహం కొద్దిగా ఉబ్బి ఉంటుంది. ఆమ్లంతో తినిపించిన అక్షరాలైతే అన్నీ ఒకే లోతులో, అడుగు గరుకుగా ఉంటాయి. అది 19వ శతాబ్దపు పని, లేదా నిన్నటి పని.

తోడేలు ఉంటే, నాలుగైదు గీతల్లో కొట్టిన బొమ్మలో ఇత్తడి ముక్క పొదిగి ఉంటుంది. అందంగా, కళ్లూ ముక్కూ స్పష్టంగా ఉన్న తోడేలుని నమ్మకండి.

హైదరాబాద్_మీనాకారి
ఈ బ్లేడులకి మన దక్కన్‌తో చుట్టరికం ఉంది. ఐరోపా బ్లేడుకి ఖాండా పిడి బిగించిన కత్తిని ఇక్కడ ఫిరంగి అంటారు. తెలుగులో ఫిరంగి అంటే మందుగుండు పేల్చేది కాబట్టి కత్తికి ఆ పేరేమిటని చాలామంది అడుగుతారు. ఫరంగుల, అంటే ఐరోపావాళ్ల బ్లేడు కాబట్టి ఫిరంగి. జోలింగెన్, ఇటలీ బ్లేడులు 17వ శతాబ్దంలో ఓడల మీద పడమటి తీరానికి వచ్చేవి. ఫెరారా పేరు, కొడవలి గుర్తులు ఫిరంగుల మీదా కనిపిస్తాయి. కాబట్టి ఇక్కడ ఫిరంగి చూసి బ్లేడు ముద్రలు చదవడం నేర్చుకున్నవారికి గ్లాస్గోలో బ్రాడ్‌సోర్డ్ ముద్ర కొత్త కాదు. పిడి చూసి దేశం చెప్పొచ్చు, బ్లేడు చూసి చెప్పలేం.

కత్తిసాన
మంచి మాట చెప్పారు మీనాకారి గారూ. అదే కారణంతో బుట్టని బ్లేడుతో కలపకుండా విడిగా చదవాలి.

బుట్ట పని రెండు ఊళ్లలో ఎక్కువ. గ్లాస్గో బుట్టలో పలకల మీద గుండె ఆకారాలూ గుండ్రటి బెజ్జాలూ కోసి ఉంటాయి, గీతలు నిదానంగా ఉంటాయి, పై గుబ్బ శంఖువు ఆకారంలో ఉంటుంది. స్టిర్లింగ్ బుట్ట మరీ స్వేచ్ఛగా వంపులు తిరుగుతుంది. వాల్టర్ అలెన్ చేసిన వాటిలో ఇత్తడి, వెండి పొదుగు ఉన్నవి మ్యూజియం స్థాయివి. గ్లాస్గో జాన్ సింప్సన్ తన పొడి అక్షరాలు ఐ, ఎస్, కింద జి కొట్టేవాడు. స్టిర్లింగ్ వాళ్లు పేరు పొడి అక్షరాల కింద ఎస్ కొట్టేవాళ్లు. అప్పట్లో జాన్‌కి ఐ రాసేవారని గుర్తుంచుకోండి. ముద్ర ఎక్కడో లోపలి వైపు, అడుగు పలక మీద ఉంటుంది. లోపలి తోలు అస్తరు కింద దాక్కుంటుంది. అస్తరు ఎత్తి చూడమని సిబ్బందిని అడగండి, మీరు లాగకండి.

బుట్ట కమ్మీల మందాన్ని వేళ్ల మధ్య పట్టి చూడండి. చేత్తో సాగగొట్టిన కమ్మీ ఒకచోట మందం, ఒకచోట సన్నం. రేకులో కోసి వంచిన కమ్మీ అంతా ఒకే మందం. కమ్మీ పైకొనలు గుబ్బ కింద గాడిలోకి దూరి కూర్చోవాలి. అక్కడ సందు ఉండి బుట్ట ఊగుతుంటే గుబ్బ మారిందనో పిడి కురచైందనో అర్థం. అతుకుల దగ్గర చేప పొలుసుల్లా వరసగా అలలు కనిపిస్తే అది ఆధునిక వెల్డింగు. పాత అతుకులో ఇత్తడి ఛాయ ఉంటుంది, లేదా కొలిమిలో కలిపిన నల్ల గీత ఉంటుంది.

గోదారి_గట్టు
బ్లేడు మందం కొలవకుండా రావొద్దు చందు గారూ. వెర్నియర్ కాలిపర్ జేబులో పెట్టుకోండి. పిడి దగ్గర, పావు, సగం, ముప్పావు, మొనకి రెండు అంగుళాల ముందు, ఇలా అయిదు చోట్ల మందం రాసుకోండి. అసలు బ్లేడు పిడి దగ్గర 5, 6 మిల్లీమీటర్లతో మొదలై మొన దగ్గర 2, 3కి తగ్గుతుంది. మందం క్రమంగా తగ్గబట్టే కత్తి చేతిలో తేలిగ్గా తిరుగుతుంది. నమూనా కత్తుల్లో చాలావాటికి ఒకే మందపు పట్టీ తీసి అంచులు అరగదీస్తారు. అయిదు చోట్లా ఒకే అంకె వస్తే అక్కడితో ఆగండి.

బరువు కూడా. బుట్టపిడి కత్తి సాధారణంగా 1.1 నుంచి 1.5 కిలోల మధ్య ఉంటుంది. బ్లేడు పొడవు 80 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ. గాళ్లు మొన వైపు సహజంగా సన్నబడి ముగియాలి. గాడి మొన దాకా వెళ్లి తెగిపోయినట్టుంటే విరిగిన బ్లేడుకి మళ్లీ మొన తీశారు.

కత్తిసాన
గుబ్బ పైన టాంగ్ చివర చూడటం మర్చిపోవద్దు. బ్లేడు తోక గుబ్బలోంచి వచ్చి పైన సుత్తితో మేకు తలలా చదును చేసి ఉంటుంది. ఆ తల నల్లగా, చుట్టుపక్కల లోహపు రంగులోనే ఉండాలి. మెరుస్తుంటే, సుత్తి దెబ్బలు తాజాగా ఉంటే ఎవరో ఈ మధ్య విప్పి బిగించారు. పాత బ్లేడుకి వేరే బుట్టని పెళ్లి చేసిన కత్తులు అక్కడే దొరికిపోతాయి. పెళ్లి 1750లో జరిగితే అది చరిత్రే, కత్తి బతికిన తీరే. నిరుడు జరిగితే ధర తగ్గాలి.

డల్లాస్_బాబు
సైనిక బ్రాడ్‌సోర్డుల గురించి రెండు మాటలు, అవే మార్కెట్లో ఎక్కువ. 18వ శతాబ్దపు సైనికుల కత్తుల మీద కిరీటం, జిఆర్, జెఫ్రీస్ లేదా డ్రూరీ పేరు ఉంటాయి. బుట్ట పలచటి రేకు, నిలువు చీలికలు, పని మోటు. 1828 నమూనా ఆఫీసరు కత్తి బ్లేడు 32న్నర అంగుళాలు, మీద ఆమ్లంతో వేసిన అలంకారం. రాజు లేదా రాణి పొడి అక్షరాలు కాలం చెబుతాయి: డబ్ల్యూఆర్ అంటే 1830 నుంచి 1837, విఆర్ అంటే 1837 నుంచి 1901. విల్కిన్‌సన్ బ్లేడు అయితే పిడి దగ్గర, వెనక అంచు మీద సంఖ్య ఉంటుంది. 1854 నుంచి ఆ వరస నడిచింది, దాన్ని పట్టుకుని ఏ ఏడాదో తేలుతుంది. మొదటిసారి కొనేవాళ్లకి ఈ విక్టోరియా కత్తే మంచిదని నా అభిప్రాయం. పేరు, కాలం, సంఖ్య అన్నీ దాని మీదే ఉంటాయి.

విశాఖ_తీరం
"క్లేమోర్" అన్న మాటకి కూడా వివరణ కావాలి, కేటలాగుల్లో చాలా గందరగోళం ఉంది.

పాతఇనుము
గేలిక్‌లో "క్లైవ్ మోర్", అంటే పెద్ద కత్తి. 18వ శతాబ్దంలో బుట్టపిడి కత్తినే అలా పిలిచారు. ఇప్పుడు ఎక్కువమంది రెండు చేతుల కత్తిని అంటున్నారు. అది 15, 16 శతాబ్దాలది, అడ్డకమ్మీలు కిందికి వాలి చివర నాలుగు రేకుల పువ్వులా ముగుస్తాయి. అసలైనవి చాలా తక్కువ, దాదాపు అన్నీ మ్యూజియాల్లోనే. వేలంలో రెండు చేతుల క్లేమోర్ సరసమైన ధరకి వచ్చిందంటే అది విక్టోరియా కాలం నాటి గోడ అలంకారమే అనుకోండి.

బెజవాడ_వకీలు
చట్టం గురించి అడిగారు. బ్రిటన్‌లో 1968 ఫైర్‌ఆర్మ్స్ చట్టం 58వ సెక్షను కింద పురాతన తుపాకీని వింత వస్తువుగానో అలంకారంగానో ఉంచుకుంటే లైసెన్సు అక్కర్లేదు. మూతి నుంచి కూరే చెకుముకి పిస్తోలు దానికి సరిపోతుంది. కాల్చాలనుకుంటే మినహాయింపు పోతుంది. అమెరికాలో 1898లోగానీ అంతకుముందుగానీ చేసినది పురాతనం కింద లెక్క. డల్లాస్ బాబు గారికి ఇది తెలిసే ఉంటుంది.

ఇండియాలో అలా కాదు. ఆయుధ చట్టం 1959, సెక్షను 45 మినహాయింపు ఇస్తుంది కానీ "మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా వాడలేని" పురాతన ఆయుధానికే. లాక్ పనిచేసే డూన్ పిస్తోలు ఆ మాటకి అందదు. దిగుమతికి విడిగా లైసెన్సు కావాలి. పనిచేయకుండా చేయించి తెద్దామని గొట్టానికి బెజ్జం వేయించడం మాత్రం దయచేసి వద్దు. రెండున్నర శతాబ్దాల పనితనాన్ని ఒక్క డ్రిల్లుతో చంపినట్టే. కత్తి విషయంలోనూ తేవడానికి ముందే కస్టమ్స్‌తో రాతపూర్వకంగా తేల్చుకోండి, విమానాశ్రయంలో వాదించడం కుదరదు. ఇంకొకటి: వందేళ్లు దాటిన వస్తువు ఇండియాకి వచ్చాక 1972 పురావస్తు చట్టం కిందికి వస్తుంది. తిరిగి బయటికి పంపడం మీ చేతిలో ఉండదు. గ్లాస్గోలో ఉన్నన్నాళ్లు అక్కడే ఉంచుకోవడం మేలు.

గ్లాస్గో_చందు
శనివారం చూశాను. కొలతలు ఇవి.

పిస్తోలు: మొత్తం 11న్నర అంగుళాలు, గొట్టం 7. లోపలి వ్యాసం 11 మిల్లీమీటర్లు. దస్తా గుండీ తిరగలేదు, చుట్టూ సందు లేదు. చెక్కడం గీతల అడుగు గుండ్రంగా ఉంది. సియర్ బెజ్జం లాక్ పలకలో లేదు. గొట్టం ఎడమ పక్కన, కొక్కెం కింద, కిరీటం, అడ్డంగా దండాలు, బి, పి, సి అక్షరాల ముద్ర కనిపించింది. సంతకం "మర్డాక్" మాత్రం స్పష్టంగా ఉంది.

కత్తి: బరువు 1.28 కిలోలు, బ్లేడు 83 సెంటీమీటర్లు. మందం 5.8, 4.6, 3.7, 2.9, 2.2. మూడు గాళ్లు, ఫెరారా అక్షరాలు వంకరగా, ఒక ఆర్ పైకి ఎగిరి ఉంది. బుట్టలో గుండె బెజ్జాలు, శంఖువు గుబ్బ. ముందు వైపు ఒక కమ్మీ అతుకులో ఇత్తడి ఛాయ. టాంగ్ తల నల్లగా ఉంది. పిడి మీద చేప తోలు పాతదే, ఒక అంచు లేచింది. తీగ చుట్టు కొత్తగా ఉంది. ముద్ర ఏదీ దొరకలేదు, అస్తరు లేదు.

రంజకం
పిస్తోలు 1822 తర్వాతి వేషధారణ రకం. మీ అయిదు కొలతలూ ఒకే వైపు చూపిస్తున్నాయి. గుండీ పోతలో ఉంది, చెక్కడం కూడా పోతలో వచ్చిందే, సియర్ ముక్కు లేదు, ముద్ర 1813 తర్వాతిది, గొట్టం రంధ్రం అర అంగుళం కూడా లేదు. మర్డాక్ పేరు అమ్మకం కోసం చెక్కించింది. విక్టోరియా కాలపు అలంకార పిస్తోలుగా దానికి విలువ ఉంది, ఆ విలువకే పాడండి. డూన్ ధర చేరుతుంటే చేయి దించండి.

కత్తిసాన
కత్తి మాత్రం నాకు చాలా బాగుంది! మందం తగ్గిన తీరు చూడండి, అయిదు అంకెలూ మెట్లలా దిగాయి. గ్లాస్గో పద్ధతి బుట్ట, 18వ శతాబ్దం మొదటి సగం అని నేను ధైర్యంగా అంటాను. కేటలాగులో 16వ శతాబ్దం అన్నది తప్పే, అయినా తప్పు మీకు నష్టం చేయలేదు. ముద్ర లేకపోవడం లోపం కాదు, ముద్ర లేని మంచి బుట్టలు చాలా ఉన్నాయి. కమ్మీ అతుకులో ఇత్తడి ఛాయ ఉందంటే పాత మరమ్మతే. కొత్త తీగ చుట్టుకి మాత్రం ధరలో కొంత తగ్గించుకోండి.

గ్లాస్గో_చందు
కత్తి దక్కింది అండీ, పిస్తోలు వదిలేశాను. బ్లేడు మీద అక్కడక్కడ నారింజ పొడి ఉంది. ఇంటి దగ్గర నాన్నగారు కొబ్బరి నూనె రాయమంటున్నారు.

విశాఖ_తీరం
కొబ్బరి నూనె వద్దు, ఏ వంటనూనె అయినా వద్దు. కొన్నాళ్లకి జిగురై దుమ్ము పట్టి, ఆమ్లం తేలి లోహాన్నే తింటుంది. ఇత్తడి పొదుగు ఉన్నచోట చింతపండు కూడా వద్దు, పులుపు అతుకుల్లో చేరి లోపల తుప్పు పెంచుతుంది.

నారింజ పొడి ఉన్న చోట పల్చటి ఖనిజ నూనె ఒక బొట్టు వేసి పది నిమిషాలు నాననివ్వండి. సున్నాలు నాలుగు ఉన్న అతి మెత్తని ఉక్కు పీచుతో, ఒత్తకుండా, బ్లేడు పొడవు వెంట మాత్రమే రుద్దండి. నారింజ రంగు పోయి నల్లటి మచ్చ కనబడగానే ఆపండి. నలుపు నిలకడైన పొర, అది కత్తి వయసు. తెల్లగా మెరిసేదాకా రుద్దితే సగం విలువ పోతుంది. గట్టి మచ్చకి రాగి నాణెం అంచు వాలుగా పట్టి గీకవచ్చు, ఉక్కుకంటే మెత్తన కాబట్టి గీత పడదు. అక్షరాల గాళ్లలోకి పీచు పోనివ్వొద్దు, వెదురు పుల్ల వాడండి.

తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో నూనె తుడిచేయాలి. పిడి తోలుకీ చెక్కకీ అది తగలకూడదు. ఆరాక మైక్రోక్రిస్టలైన్ మైనం చాలా పల్చగా పూసి, పావుగంట ఆగి, నూలు గుడ్డతో మెరుగు పెట్టండి. ఇంకోసారి అలాగే. అక్కణ్నుంచి నైట్రైల్ చేతొడుగులు లేకుండా ముట్టుకోవద్దు, వేలిముద్రలోని ఉప్పు వారం రోజుల్లో గోధుమ గీతగా తేలుతుంది. ఒరలో పెట్టి దాచొద్దు, తోలు తేమ పట్టి ఉంచుతుంది. ఓక్ చెక్క పెట్టె కూడా వద్దు, దాని ఆవిరి ఇనుముకి పడదు.

గోదారి_గట్టు
గదిలో తేమ 45 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. ఇంకా తక్కువైతే ఇనుముకి మంచిదే కానీ పిడి చెక్క బీటలు తీస్తుంది. సిలికా జెల్ సంచులు వాడితే నారింజ రంగు గింజలు తీసుకోండి, రంగు మారగానే ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఆరబెట్టి మళ్లీ వాడొచ్చు.

గ్లాస్గో_చందు
చివరి ప్రశ్న. లేచిన చేప తోలు అంచుకి ఏం జిగురు?

కత్తిసాన
తెల్ల జిగురు, ఎపాక్సీ, సూపర్ గ్లూ ఏవీ వద్దు. మళ్లీ ఊడదీయలేం, ఎపాక్సీ అయితే తోలునే చింపుకుంటుంది. చేప జిగురు లేదా వేడి చర్మపు జిగురు పల్చగా కలిపి, సన్నటి కుంచెతో అంచు కింద మాత్రమే పూయండి. తోలు బాగా ఎండిపోయి ఉంటే ముందు తడి గుడ్డ పక్కన అయిదు నిమిషాలు ఉంచి మెత్తబడనివ్వాలి, నీళ్లలో ముంచకూడదు. మెత్తబడకుండా నొక్కితే విరుగుతుంది. పైన మైనపు కాగితం వేసి నూలు పట్టీతో చుట్టి ఒక రోజంతా వదిలేయండి. చుట్టేటప్పుడు కొత్త తీగని కదపొద్దు. తీగ చుట్టు మీరు తర్వాత మార్పించాలనుకుంటే, దాని కింద పాత తీగ ముక్క ఏదైనా మిగిలిందేమో ముందు చూసి ఫొటో తీసి పెట్టుకోండి. మెలి ఎటు తిరిగింది, ఎన్ని పోగులు అన్నది ఆ ముక్కే చెబుతుంది.